ఎస్‌ఎంబీ1 ఆన్ చేస్తే సరిపోతుందా? హోమ్ ఫైల్ సర్వర్ కనెక్ట్ కాకపోతే ముందు చూడాల్సింది వేరే ఉంది

ఇంట్లో ఫైల్ సర్వర్ కనెక్ట్ కావట్లేదని యూట్యూబ్‌లో వెతికితే వచ్చే సలహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. కంట్రోల్ ప్యానెల్ ఓపెన్ చేయండి, విండోస్ ఫీచర్స్‌లోకి వెళ్లండి, ఎస్‌ఎంబీ 1.0 పక్కన టిక్ పెట్టండి, రీస్టార్ట్ చేయండి. అప్పటికీ రాకపోతే ఫైర్‌వాల్ ఆఫ్ చేయండి. అప్పటికీ రాకపోతే పాస్‌వర్డ్ ప్రొటెక్షన్ తీసేయండి. కొందరికి పనిచేస్తుంది కూడా. తాళం చెవి కనపడకపోతే తలుపు పీకేసినా ఇంట్లోకి వెళ్లొచ్చు మరి.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తా. ఇంట్లో ఫైల్ సర్వర్ కనెక్ట్ కాకపోవడానికి కారణం ఎక్కువసార్లు సర్వర్‌లో ఉండదు, విండోస్‌లో కూడా ఉండదు. వైర్లు ఎలా కలిపారు, ఏ డివైస్ ఏ వైఫైలో ఉంది అన్న దగ్గర ఉంటుంది. అక్కడ చూడకుండా సెక్యూరిటీ సెట్టింగులు ఒక్కోటి తీసేస్తూ పోతే ప్రాబ్లం అలాగే ఉంటుంది, రక్షణ మాత్రం పోతుంది. ఇక ఎస్‌ఎంబీ1 లేకపోతే నిజంగానే పనిచేయని డివైస్ అయితే, మార్చాల్సింది విండోస్ సెట్టింగ్‌ని కాదు, ఆ డివైస్‌ని. అలాంటి రౌటర్లు ఇన్ని ఇళ్లలో ఉన్నాయంటే అందులో కంపెనీల తప్పెంతో, బాక్స్ మీద "యూఎస్‌బీ షేరింగ్" అని చూసి స్పెసిఫికేషన్ల టేబుల్‌లో ఒక టిక్ పెట్టి వదిలేసే రివ్యూల తప్పూ అంతే.

ఫైల్ సర్వర్ అనగానే ఆఫీసుల్లో ఏసీ గదిలో ఉండే ర్యాక్ ఊహించుకోవద్దు. రౌటర్ వెనక గుచ్చిన హార్డ్ డిస్క్, షేరింగ్ ఆన్ చేసిన పాత ల్యాప్‌టాప్, రెండు డిస్కుల నాస్ బాక్స్, ఇవన్నీ ఫైల్ సర్వర్లే. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్‌లో ఫ్రీ అన్‌లిమిటెడ్ స్టోరేజ్ ఆగిపోయి, అన్నీ కలిపి 15 జీబీలో సర్దుకోవాల్సి వచ్చాక, మామూలు ఇళ్లలో కూడా వీటి అవసరం మొదలైంది. ఇవన్నీ ఫోన్‌తో, టీవీతో, ల్యాప్‌టాప్‌తో మాట్లాడే భాష పేరే ఎస్‌ఎంబీ. 1983లో ఐబీఎంలో పుట్టింది. దాని మొదటి తరమే ఎస్‌ఎంబీ1. ఇప్పుడు నడుస్తున్నది ఎస్‌ఎంబీ3.

విజయవాడలో ఈ అవసరానికి ఇంకో కారణం కూడా తోడైంది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు సింగ్ నగర్‌ని ముంచినప్పుడు మా పెద్దమ్మ వాళ్లది అక్కడ గ్రౌండ్ ఫ్లోర్. బీరువా కింది అరలో ఉన్న పెళ్లి ఆల్బమ్‌లు, మా తాతయ్య ఫొటోలు బురదలో ముద్దైపోయాయి. బతికిన వాటిని ఎండబెట్టి, స్కాన్ చేయించి, ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్‌లో వేసుకున్నారు. తర్వాత భవానీపురంలో రెండో అంతస్తుకి మారిపోయారు. ఇంట్లో అందరి ఫోన్లలో, టీవీలో ఆ ఫొటోలు కనిపించాలని డిస్క్‌ని రౌటర్ యూఎస్‌బీ పోర్టులో పెట్టించారు. పెట్టిన కుర్రాడు ల్యాప్‌టాప్‌లో చూపించి వెళ్లాడు. పెద్దమ్మ ఫోన్‌లో మాత్రం రాలేదు. మళ్లీ పిలిస్తే ల్యాప్‌టాప్‌లో ఫైర్‌వాల్ ఆపేసి, "ఇక ఫోన్ మార్చుకోవాలి మేడమ్" అన్నాడట.

నేను వెళ్లేసరికి ఆ ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎంబీ 1.0 కింద ఉండే మూడు డబ్బాలకీ టిక్ ఉంది: క్లయింట్, సర్వర్, ఆటోమేటిక్ రిమూవల్. రౌటర్‌లో ఉన్న డిస్క్‌ని చదవడానికి క్లయింట్ ఒక్కటి చాలు. సర్వర్ డబ్బా టిక్ చేయడమంటే, ఈ ల్యాప్‌టాప్ మీదకు కూడా ఎవరైనా పాత దారిలో రావచ్చని గేటు తీసి పెట్టడం. పైగా ఫైర్‌వాల్ లేదు. అదే ల్యాప్‌టాప్‌తో మా అన్నయ్య బ్యాంక్ పనులు చేస్తాడు, రైల్వే స్టేషన్ వైఫైకి కూడా కనెక్ట్ చేస్తాడు.

ఆ మూడో డబ్బా గురించి ఒక మాట, ఎందుకంటే చాలామందిని తికమక పెట్టేది అదే. "మొన్నటిదాకా పనిచేసింది, సడెన్‌గా ఆగిపోయింది, నేనేం ముట్టుకోలేదు" అనే కేసుల్లో కొన్నింటికి కారణం అక్కడుంది. ఆటోమేటిక్ రిమూవల్ ఆన్‌లో ఉంటే, కంప్యూటర్ నడిచిన సమయంలో 15 రోజులపాటు ఎస్‌ఎంబీ1ని ఎవరూ వాడకపోతే విండోస్ దాన్ని తనంతట తానే తీసేస్తుంది. సంక్రాంతికి ఫొటోలు చూసి, మళ్లీ ఉగాదికి ఓపెన్ చేస్తే రాదు. సర్వర్ పాడైందనుకుంటారు.

మైక్రోసాఫ్ట్ ఇంత పట్టుదలగా దీన్ని ఎందుకు తీసేస్తోంది? ఎస్‌ఎంబీ బాధ్యత చూసిన మైక్రోసాఫ్ట్ ఇంజినీర్ నెడ్ పైల్ 2016లోనే దీన్ని వాడటం ఆపండి మహాప్రభో అని గట్టిగా రాశాడు. వినలేదు. 2017 మే 12న వన్నాక్రై వచ్చింది. ఎస్‌ఎంబీ1లో ఉన్న లోపాన్ని పట్టుకుని, 445వ పోర్ట్ ద్వారా ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి తనంతట తానే పాకింది. ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు. సుమారు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు లాక్ అయిపోయాయి. అది ఎక్కడో ఇంగ్లండ్ ఆసుపత్రుల కథ అనుకోవద్దు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి, మన కృష్ణా జిల్లా, పక్కన గుంటూరు జిల్లాలతో సహా. ఆ లోపానికి ప్యాచ్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోని వాళ్లే చిక్కుకున్నారు.

"నా విండోస్ అప్‌డేట్‌గానే ఉంది కదా" అంటారా? నిజమే, అప్‌డేట్ అయిన సిస్టమ్‌లో ఆ పాత దాడి పనిచేయదు. కానీ ఎస్‌ఎంబీ1లో ఎన్‌క్రిప్షన్ అనేదే లేదు, మధ్యలో ఎవరైనా దూరి మాటలు మారిస్తే పట్టుకునే కొత్త తరం ఏర్పాట్లు లేవు. ఒక్క ప్యాచ్‌తో తీరిపోయేది కాదు, డిజైనే పాతది. ఇక రౌటర్ సంగతి? మీ ల్యాప్‌టాప్‌కి నెలనెలా అప్‌డేట్ వస్తుంది. మీ రౌటర్‌కి చివరిసారి ఎప్పుడు వచ్చిందో ఒకసారి లాగిన్ అయి చూసి చెప్పండి.

సరే, పెద్దమ్మ ఫోన్‌కి వద్దాం. ఎందుకు రాలేదు?

ఫోన్‌లో వైఫై వివరాల్లోకి వెళ్లి ఐపీ అడ్రస్ చూశా. 192.168.1 తో మొదలైంది. డిస్క్ ఉన్న రౌటర్ అడ్రస్ 192.168.0.1. అంతే, అక్కడే దొరికిపోయింది. ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లు ఉన్నాయి.

మన దగ్గర ఫైబర్ కనెక్షన్ ఉన్న చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. కనెక్షన్ ఇచ్చినవాళ్లు పెట్టే ఫైబర్ మోడెమ్‌లోనే వైఫై కూడా ఉంటుంది. దాని సిగ్నల్ బెడ్‌రూమ్‌కి రాదని మనం ఇంకో రౌటర్ కొని, మోడెమ్ నుంచి వైర్ తెచ్చి దాని వాన్ పోర్టులో పెడతాం. నెట్ వస్తుంది కాబట్టి అంతా బాగుందనుకుంటాం. నిజానికి ఇంట్లో రెండు వేర్వేరు వీధులు తయారయ్యాయి. టీవీ, ల్యాప్‌టాప్ కొత్త రౌటర్‌లో, పెద్దమ్మ ఫోన్ ఎప్పుడో సేవ్ అయిన పాత మోడెమ్ వైఫైలో.

ఇందులో ఒక విచిత్రం ఉంది, దాన్ని అర్థం చేసుకుంటే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. రెండో రౌటర్ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాంటిది. లోపలి వాళ్లని బయటికి పోనిస్తుంది, బయటివాళ్లని మాత్రం "ఎవరు కావాలి?" అని గేటు దగ్గరే ఆపేస్తుంది. అంటే కొత్త రౌటర్ వైఫైలో ఉన్న ల్యాప్‌టాప్, మోడెమ్ వైపు ఉన్న సర్వర్‌ని చేరుకోగలదు. మోడెమ్ వైఫైలో ఉన్న ఫోన్, రౌటర్ లోపల ఉన్న సర్వర్‌ని చేరుకోలేదు. అందుకే "ల్యాప్‌టాప్‌లో వస్తుంది, ఫోన్‌లో రాదు" అనగానే ఫోన్‌ని అనుమానించకండి, రెండిటి ఐపీ అడ్రస్‌లు పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి మూడు అంకెల గుంపులు ఒకటి కాకపోతే ఇక సెట్టింగులు వెతకడం అనవసరం. ఏ యాప్ మార్చినా, ఏ ఫైర్‌వాల్ ఆపినా అది కనెక్ట్ కాదు.

దీనికి మందు కూడా తేలికే. కొత్త రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. ఈ మోడ్ దాదాపు అన్ని కొత్త రౌటర్లలో ఉంటుంది. అప్పుడు అది వాచ్‌మన్ ఉద్యోగం మానేసి, వైఫై ఇవ్వడం మాత్రమే చేస్తుంది, అడ్రస్‌లన్నీ మోడెమ్ ఒక్కటే పంచుతుంది. లేదా మోడెమ్‌లో వైఫై ఆపేసి, అందరినీ రౌటర్ వైఫైకి మార్చండి. రెండిట్లో మొదటిదే నాకిష్టం, రేపు ఎవరో వచ్చి మోడెమ్ రీసెట్ చేస్తే దాని వైఫై మళ్లీ ఆన్ అయిపోతుంది కాబట్టి.

ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నా కనెక్ట్ కాకపోతే గెస్ట్ వైఫైలో ఉన్నారేమో చూడండి. గెస్ట్ వైఫై పనే ఇంట్లో డివైస్‌లని ఒకదానికొకటి కనపడకుండా చేయడం. కొన్ని మోడెమ్‌లలో మామూలు వైఫైకి కూడా ఏపీ ఐసొలేషన్ అనే ఆప్షన్ ఆన్‌లో ఉంటుంది, అదీ ఇదే పని చేస్తుంది. ఫోన్‌లో యాడ్ బ్లాకర్ కోసమో, ఇంకోదానికోసమో వీపీఎన్ నడుస్తుంటే కాసేపు ఆపి చూడండి. ఐఫోన్ అయితే, ఫైల్స్ యాప్ కాకుండా వేరే యాప్ వాడుతుంటే, లోకల్ నెట్‌వర్క్ పర్మిషన్ అడిగినప్పుడు వద్దని నొక్కేశారేమో సెట్టింగ్స్‌లో చూసుకోండి.

ఇంకొక పెద్ద అపోహ. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో నెట్‌వర్క్ ఐకాన్ నొక్కితే సర్వర్ పేరు కనపడలేదు కాబట్టి సర్వర్ పోయిందని. కనపడటం వేరు, కనెక్ట్ కావడం వేరు. పాతరోజుల్లో ఆ లిస్ట్ ఎస్‌ఎంబీ1 మీద ఆధారపడేది. ఇప్పుడు దానికి వేరే పద్ధతి ఉంది, అన్ని సర్వర్లూ ఆ పద్ధతిలో తమ పేరు చెప్పుకోవు. ముఖ్యంగా లినక్స్‌లో నడిచే సాంబా సర్వర్లు దానికోసం ఇంకో చిన్న ప్రోగ్రామ్ వేస్తే తప్ప విండోస్ లిస్టులో కనపడవు. కనపడలేదని ఎస్‌ఎంబీ1 ఆన్ చేసేవాళ్లలో చాలామందికి అసలు ప్రాబ్లమే లేదు! అడ్రస్ బార్‌లో రెండు వెనక్కి వాలిన గీతలు, ఆ పక్కన సర్వర్ ఐపీ అడ్రస్ టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఓపెన్ అయితే కథ అయిపోయినట్టే. దాన్నే మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్ ఆప్షన్‌తో ఒక డ్రైవ్ లెటర్‌కి కట్టేయండి, ఇక ఆ లిస్టుతో పని లేదు.

ఐపీ కొట్టినా 80070035 అని ముగిసే ఎర్రర్ వస్తే అప్పుడు సర్వర్ వైపు చూడాలి. ముందు పింగ్ చేయండి. పింగ్‌కి జవాబు వచ్చి, ఫోల్డర్ రాకపోతే మధ్యలో 445వ పోర్ట్‌ని ఎవరో ఆపుతున్నారు. సర్వర్ విండోస్ ల్యాప్‌టాప్ అయితే దాని వైఫై ప్రొఫైల్ పబ్లిక్ అని ఉందేమో చూడండి. పబ్లిక్‌లో ఉంటే విండోస్ షేరింగ్‌ని మూసేస్తుంది. ప్రైవేట్‌కి మారిస్తే ఇంటి వరకు తెరుస్తుంది, స్టేషన్ వైఫైలో మూసే ఉంచుతుంది. ఫైర్‌వాల్ మొత్తం పీకేయడానికీ దీనికీ ఉన్న తేడా ఇదే. పింగ్‌కి కూడా జవాబు రాకపోతే ల్యాప్‌టాప్ నిద్రపోయి ఉండొచ్చు. లేకపోతే దాని అడ్రస్ మారిపోయి ఉండొచ్చు, ఇది మన ఊళ్లో మరీ ఎక్కువ. ఎండాకాలం కరెంట్ పోయి వచ్చిందంటే మోడెమ్, టీవీ, ల్యాప్‌టాప్ అన్నీ ఒకేసారి లేచి అడ్రస్‌ల కోసం క్యూ కడతాయి. నిన్నటి 192.168.1.10 ఈరోజు టీవీకి వెళ్లిపోవచ్చు. రౌటర్ సెట్టింగ్స్‌లో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది, సర్వర్‌కి ఒక నంబర్ శాశ్వతంగా రాసిచ్చేయండి. రెండు నిమిషాల పని.

అడ్రస్ దొరికి, పోర్ట్ తెరిచి, పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతే అది ఇంకో తరహా. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన ల్యాప్‌టాప్‌ని షేర్ చేస్తే, అది అడిగేది రోజూ కొట్టే నాలుగంకెల పిన్ కాదు, అకౌంట్ అసలు పాస్‌వర్డ్. అదెవరికీ గుర్తుండదు. అందుకే షేరింగ్ కోసమే ఒక లోకల్ యూజర్ చేసి, దానికి ఒక పాస్‌వర్డ్ పెట్టి, ఆ యూజర్‌కే ఫోల్డర్ పర్మిషన్ ఇవ్వడం మంచిది. షేరింగ్ ట్యాబ్‌లో ఒకసారి, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఒకసారి, రెండు చోట్లా. ఒకచోట ఇచ్చి రెండోచోట మర్చిపోతే ఫోల్డర్ పేరు కనపడుతుంది, లోపలికి పోనివ్వదు.

ఈమధ్య వచ్చే ఫిర్యాదుల్లో మరోటి విండోస్ 11 24హెచ్2 గురించి. 2024 చివర్లో ఈ వెర్షన్ వచ్చాక ప్రో ఎడిషన్‌లో పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లు ఓపెన్ కావడం ఆగిపోయింది. ఎస్‌ఎంబీ సైనింగ్ కూడా తప్పనిసరి చేశారు, అంటే వచ్చే ప్రతి మాటకీ సంతకం ఉండాలి. గెస్ట్‌కి పాస్‌వర్డే లేనప్పుడు సంతకం ఎక్కడి నుంచి వస్తుంది? పైగా మీ సంస్థ సెక్యూరిటీ పాలసీలు గెస్ట్ యాక్సెస్‌ని అడ్డుకుంటున్నాయని మెసేజ్ ఇస్తుంది. అన్నయ్య కొత్త ల్యాప్‌టాప్‌లో అది చూసి, "మనింటికి సంస్థ ఎక్కడిదిరా?" అన్నాడు. మెసేజ్ రాసినవాళ్లని తిట్టుకోవచ్చు, తప్పులేదు. ఆ నిర్ణయాన్ని మాత్రం నేను సమర్థిస్తా. రిజిస్ట్రీలోకి వెళ్లి దాన్ని వెనక్కి తిప్పే చిట్కాలు బోలెడు దొరుకుతాయి. సర్వర్‌లో ఒక యూజర్, ఒక పాస్‌వర్డ్ పెట్టడానికి పట్టే టైమ్ అంతకంటే తక్కువ.

ఇక పెద్దమ్మ వాళ్ల రౌటర్. నెట్‌వర్క్ ఒకటి చేశాక కూడా అసలు చిక్కు మిగిలింది. ఆ రౌటర్ యూఎస్‌బీ పోర్ట్ ఎస్‌ఎంబీ1 తప్ప ఇంకోటి మాట్లాడదు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కోసం కంపెనీ సైట్‌లో చూశా, కొత్తది లేదు. ఇక్కడే చాలామంది సర్దుకుపోతారు. "మా ఇల్లే కదా, మా ఫొటోలే కదా, ఎవడికి కావాలి?" అని. ఫొటోలు ఎవడికీ అక్కర్లేదు, నిజమే. వాటిని లాక్ చేసి డబ్బులు అడిగేవాడికి మాత్రం, అవి మీకు ఎంత ముఖ్యమో తెలుసు. వరదలో పోగా మిగిలిన తాతయ్య ఫొటోలు అందులో ఉన్నాయి.

అందుకే డిస్క్‌ని రౌటర్ నుంచి తీసేసి, ఇంట్లో మూలన పడున్న పాత ల్యాప్‌టాప్‌కి పెట్టాం. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది, ఆ ల్యాప్‌టాప్‌కి విండోస్ 11 ఎక్కదు. లినక్స్ మింట్ వేసి, సాంబా పెట్టాను. 2019లో వచ్చిన 4.11 వెర్షన్ నుంచి సాంబానే ఎస్‌ఎంబీ1ని ముందే ఆపేసి వస్తుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, లినక్స్ లాగిన్ పాస్‌వర్డ్ వేరు, సాంబా పాస్‌వర్డ్ వేరు, రెండోది విడిగా పెట్టాలి. అది పెట్టకుండా "పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నా తీసుకోవట్లేదు" అని తల పట్టుకునేవాళ్లు చాలామంది. మూత వేసినా నిద్రపోకుండా సెట్ చేసి, మోడెమ్‌కి వైర్‌తో కలిపాం. బ్యాటరీ ఉంది కాబట్టి కరెంట్ పోయినా డిస్క్ ఠక్కున ఆగదు, అది అదనపు లాభం. బ్యాటరీ ఉబ్బుతోందేమో నెలకోసారి చూడమని చెప్పా, రోజంతా ప్లగ్‌లో ఉండే పాత బ్యాటరీలతో ఆ ప్రమాదం ఉంది. మొత్తం ఖర్చు ఒక లాన్ కేబుల్.

కేబుల్ అంటే గుర్తొచ్చింది. కనెక్ట్ అయ్యాక "స్లోగా ఉంది" అనే వాళ్లు సర్వర్ కంటే ముందు కేబుల్ చూడండి. లోపల ఎనిమిది తీగలకి నాలుగే కలిపి క్రింప్ చేసిన కేబుల్ 100 ఎంబీపీఎస్ దాటదు, అంటే సెకనుకి 11, 12 ఎంబీ. ఫోన్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఉంటే ఇంకా తక్కువ.

టీవీలో వీఎల్‌సీ యాప్, పెద్దమ్మ శాంసంగ్ ఫోన్‌లో మై ఫైల్స్ యాప్‌లోనే నెట్‌వర్క్ స్టోరేజ్ ఆప్షన్ ఉంది, వేరే యాప్ అక్కర్లేదు. ఐఫోన్‌లో కూడా 2019లో వచ్చిన ఐఓఎస్ 13 నుంచి ఫైల్స్ యాప్‌లోనే ఉంది. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్రాండ్‌ని బట్టి ఉంటుంది. ఇది ఆండ్రాయిడ్‌లో అందరికీ ఒకేలా ఎందుకు లేదో గూగుల్‌కే తెలియాలి.

అన్నయ్య బెంగళూరు నుంచి కూడా చూడాలన్నాడు. అక్కడ మాత్రం నేను గట్టిగా చెప్పింది ఒకటే, 445వ పోర్ట్‌ని ఇంటర్నెట్‌కి తెరవొద్దు. ఫార్వర్డింగ్ పెట్టడం పది క్లిక్కుల పని అని వీడియోలు చెప్తాయి. చాలా కనెక్షన్లలో అది కుదరదు కూడా, ఎందుకంటే మోడెమ్‌కి వచ్చే అడ్రస్సే పబ్లిక్‌ది కాదు. వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టు, బయటి నుంచి ఎవరూ నేరుగా రాలేరు. దీన్ని లోపం అనుకోకండి. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ వాడుతున్నవాళ్లు పొద్దున లేచేసరికి డిస్కులు ఖాళీగా ఉన్నాయి, ఇంటర్నెట్ నుంచి ఎవరో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేశారు. ఆ మోడల్‌కి కంపెనీ సపోర్ట్ 2015లోనే ఆగిపోయింది. బయటి నుంచి కావాలంటే టెయిల్‌స్కేల్ లాంటిది వాడండి, సీజీనాట్ ఉన్నా పనిచేస్తుంది, ఏ పోర్టూ తెరవక్కర్లేదు. అన్నయ్యకి అదే పెట్టాం. ఆ ఫొటోల కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో బెంగళూరులోనే ఉంచమని కూడా చెప్పా. రెండో అంతస్తులో ఉన్నంత మాత్రాన సర్వర్ బ్యాకప్ అయిపోదు, డిస్క్ చచ్చిపోవడానికి బుడమేరే రావక్కర్లేదు.

ఇప్పుడు రివ్యూల సంగతి. రౌటర్ రివ్యూల్లో ఎన్ని యాంటెన్నాలు, ఏ గదిలో ఎంత స్పీడ్, యాప్ ఎలా ఉంది, అన్నీ ఉంటాయి. యూఎస్‌బీ పోర్ట్ ఉంటే "స్టోరేజ్ షేర్ చేసుకోవచ్చు" అని ఒక వాక్యం. ఏ ఎస్‌ఎంబీ వెర్షన్? యూజర్‌కి పాస్‌వర్డ్ పెట్టొచ్చా, గెస్ట్ ఒక్కటేనా? యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టినా ఆ పోర్ట్ పనిచేస్తుందా? ఎన్నేళ్లు ఫర్మ్‌వేర్ ఇస్తారు? ఈ నాలుగు రాయడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఎస్‌ఎంబీ1 ఆన్ చేయని ఒక విండోస్ 11 ల్యాప్‌టాప్, ఒక పెన్‌డ్రైవ్ చాలు. పదిహేను నిమిషాలు పడుతుంది. ఎస్‌ఎంబీ1 మాత్రమే ఉన్న రౌటర్‌కి "యూఎస్‌బీ షేరింగ్" అని ప్లస్ పాయింట్ ఇవ్వడం, బెల్ట్ పెట్టుకుంటే స్టార్ట్ కాని కారుకి సేఫ్టీ రేటింగ్ ఇవ్వడం లాంటిది.

రివ్యూలు మారేలోపు మీరు రౌటర్ కొనాల్సి వస్తే, బాక్స్ నమ్మకుండా కంపెనీ సైట్‌లో ఆ మోడల్ సపోర్ట్ పేజీకి వెళ్లండి. మాన్యువల్‌లో యూఎస్‌బీ షేరింగ్ భాగం తెరిచి ఎస్‌ఎంబీ 2 లేదా 3 అని రాసి ఉందో లేదో వెతకండి. సాంబా అని మాత్రమే రాసి, వెర్షన్ చెప్పకపోతే పాతదనే లెక్కేసుకోండి. అదే పేజీలో ఫర్మ్‌వేర్ లిస్ట్ ఉంటుంది, చివరి అప్‌డేట్ తేదీ రెండేళ్ల కిందటిది అయితే ఆ యూఎస్‌బీ పోర్ట్‌కి అదనంగా డబ్బులు పెట్టకండి. అది లేని చవక మోడల్ తీసుకుని, మిగిలిన డబ్బుతో పాత ల్యాప్‌టాప్‌కి ఒక ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి.